కాలియా నడక: బొమ్మల ఒళ్ళు, బొమ్మల కదలిక, కులం

'బొమ్మకు కులమేమిటి?' అని అడిగేవాళ్ళు మనకు కొత్త కాదు. కథకు కులమేమిటి, కవిత్వానికి కులమేమిటి అని నిన్నటిదాకా అడిగినవాళ్ళే ఇవాళ తెరమీద ఆడే బొమ్మ దగ్గరికొచ్చి అదే ప్రశ్న వేస్తున్నారు. బొమ్మ అంటే గీత కదా, రంగు కదా, కంప్యూటరులో కదిలే చుక్కలు కదా, పుట్టుకే లేనిదానికి కులం ఎక్కడిది అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ పుట్టుక లేని బొమ్మ తెరమీద నాలుగడుగులు వేసేసరికి వీడు దొర, వీడు పాలేరు, వీడు దొంగ, వీడు తిండిపోతు అని మన పిల్లలు చెప్పేస్తున్నారు. ఒక్క మాటా వినకుండానే ఎలా చెప్పగలుగుతున్నారు? ఈ వ్యాసంలో మా ప్రశ్న అదే.

ముందు సైన్సు ఏమన్నదో చూద్దాం. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న చిత్రం తయారుచేశారు. అందులో మనుషుల్లేరు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపున్న పెట్టె లాంటిది ఒకటి. అంతే. 34 మందికి దాన్ని చూపించి, చూసింది రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ ప్రాణమున్నవాళ్ళ కథ రాశారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తోందన్నారు, చిన్నవి రెండూ దాని బారినుంచి తప్పించుకుంటున్నాయన్నారు. 1973లో స్వీడన్‌కు చెందిన గున్నార్ యోహాన్సన్ మనిషి కీళ్ళ దగ్గర మాత్రమే వెలుగుచుక్కలు పెట్టి, చీకట్లో నడిపించి చిత్రం తీశాడు. ఆ చుక్కలు కదిలీ కదలగానే చూసేవాళ్ళు 'మనిషి నడుస్తున్నాడు' అని గుర్తుపట్టేశారు. ఒళ్ళు లేదు, ముఖం లేదు, రంగు లేదు, నడక ఒక్కటే ఉంది. 1977లో ఇలాంటి చుక్కలతోనే జేమ్స్ కటింగ్, లిన్ కొజ్లోవ్‌స్కీ అనే ఇద్దరు, స్నేహితుల నడకను స్నేహితులు గుర్తుపడతారని చూపించారు.

ఇంతవరకూ సైన్సుతో మాకు పేచీ లేదు. కదలిక నుంచి కన్ను మనిషిని తయారుచేసుకుంటుంది, నిజమే. అయితే ఏ కదలిక గొప్పవాడిది, ఏ కదలిక తక్కువవాడిది అన్నది కన్నుకు ఎవరు నేర్పారు? ఆ సంగతి ప్రయోగశాలలో తేలదు. దానికి మన ఊళ్ళకు రావాలి.

మన ఊళ్ళలో నడక అనేది చట్టం. రాసిలేని చట్టం. పెద్దకులపోళ్ళ వీధిలోకి వస్తే చెప్పులు చేతిలోకి రావాలి. భుజం మీది తువ్వాలు నడుముకు దిగాలి. సైకిలు తొక్కుతూ పోకూడదు, దిగి నడిపించుకుపోవాలి. మాట్లాడేటప్పుడు నడుము వంగాలి, చెయ్యి నోటికి అడ్డం రావాలి. ఇవన్నీ మా తాతల తరం ఒంట్లోకి ఎక్కించుకున్న కదలికలు. ఎవడు ఎలా నడవాలో కులం నిర్ణయించింది కాబట్టే, నడకను చూసి కులం చెప్పడం సాధ్యమైంది. ముందు నడుము వంచేసి, తర్వాత ఆ వంగిన నడుమును చూపించి 'చూడండి, పుట్టుకతోనే వంగినవాడు' అనడం. మాలో ఒకరికి ఒక విశ్వవిద్యాలయం సెమినారులో 'మీరు నడిచొస్తుంటేనే తెలిసింది లెండి' అనే మెచ్చుకోలు దొరికింది. ఏం తెలిసిందో ఆ పెద్దమనిషి చెప్పలేదు, మేమూ అడగలేదు. చుండూరు గొడవ ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని పెద్దకులం మనిషికి తగిలింది. చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. తెరమీద ఎవరి కాలు ఎలా కదులుతుందన్నది మనకు ఉత్త సౌందర్యశాస్త్రం ఎందుకు కాదో వేరే చెప్పక్కర్లేదు.

ఇది వాడుకలో మాత్రమే ఉన్నదా అంటే కాదు, శాస్త్రంలోకీ ఎక్కింది. నాట్యశాస్త్రంలో పాత్రల నడక గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. దేవతలకూ రాజులకూ అడుగుకూ అడుగుకూ మధ్య నాలుగు తాళాల ఎడం, మధ్యములకు రెండు తాళాలు, అధములకూ స్త్రీలకూ ఒక తాళం అని లెక్క కట్టింది. కాలం కూడా అలాగే. ఉత్తముడి నడక నిదానం, మధ్యముడిది మధ్యస్తం, అధముడిది ఉరుకు. అంటే గొప్పవాడికి నేల ఎక్కువ, కాలం ఎక్కువ. తక్కువవాడికి రెండూ తక్కువ. భూమి పంపకం స్టేజీ మీద కూడా అట్లాగే జరిగిందన్నమాట! రంగుల దగ్గరికొస్తే బ్రాహ్మణ క్షత్రియులకు గౌరవర్ణం, వైశ్య శూద్రులకు శ్యామవర్ణం. కిరాతులు, బర్బరులు, పుళిందులు, ద్రమిడులు, వాళ్ళతోపాటు ఆంధ్రులు - వీళ్ళకు నలుపు వెయ్యమంది. ఆంధ్రుల ఘనత గురించి గొంతు చించుకునే మన పండితులు ఈ వాక్యం దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తారు.

'రాముడు నీలమేఘశ్యాముడు కదా, కృష్ణుడు నలుపే కదా, మరి నలుపు తక్కువెట్లా అయింది?' అని ఒక వాదన వస్తుంది. వస్తే మంచిదే. మేము చెప్పేదానికి అదే సాక్ష్యం. రంగు ఒక్కటే పని చెయ్యదు. రాముడి నలుపు నిదానంగా కదులుతుంది, నిటారుగా నిలబడుతుంది. అందుకని అది మేఘమైంది. అదే నలుపు వంగి ఉరికితే బొగ్గవుతుంది. రంగుకు అర్థమిచ్చేది నడక.

మన నేల మీద దీనికి అందరికన్నా పాత సాక్షి తోలుబొమ్మ. మేకతోలును వెలుతురు పారేంత పల్చగా గీకి, రంగులద్ది, కీళ్ళ దగ్గర ముడివేసి, వెదురుబద్దతో ఆడిస్తారు. తెర వెనక దీపం. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ, తెరమీద తెలుగు పద్యం పాడే ఆరె కుటుంబాలు తరాలుగా ఈ కళను మోస్తున్నాయి. నిమ్మలకుంటలో ఆ పని చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ్టి కంప్యూటరు బొమ్మలవాళ్ళు చేతులు, కాళ్ళు, తల విడివిడిగా గీసి కీళ్ళ దగ్గర అతికించి కదిలించే పద్ధతికీ దీనికీ మూలంలో పెద్ద తేడా లేదు. ఇక్కడ ముడి, అక్కడ మౌసు.

తోలుబొమ్మల రాముణ్ణి చూడండి. పెద్దగా కదలడు. ఒక చెయ్యి మెల్లగా లేస్తుంది, దిగుతుంది. పద్యమంతా ఆయన అలా నిలబడే ఉంటాడు. ఆ నిలకడే ఆయన దైవత్వం. కేతిగాడు వస్తాడు, జుట్టుపోలిగాడు వస్తాడు, బంగారక్క వస్తుంది. పొట్టి ఒళ్ళు, ముందుకొచ్చిన పొట్ట. గెంతడం, గుద్దుకోవడం, కిందపడడం, లేవడం. ఒక్క క్షణం కుదురుండదు. జనం పగలబడి నవ్వుతారు. ఇక్కడివరకూ నాట్యశాస్త్రం లెక్కే నడుస్తోంది. నిలిచినవాడు దేవుడు, ఎగిరినవాడు పామరుడు.

కానీ తోలుబొమ్మలాటలో ఒక తిరకాసుంది. కథను ఆపగలిగేది కేతిగాడొక్కడే. రాముడు పద్యం దాటి రాలేడు. కేతిగాడు ఊరి భాషలో మాట్లాడతాడు, ఆ ఊరి కరణాన్నీ కామందునూ ఎత్తిపొడుస్తాడు, నిన్న జరిగిన సంగతి ఇవాళ తెరమీదికి తెస్తాడు. బూతు కూడా ఆడతాడు. (బంగారక్కను అడ్డం పెట్టుకుని ఆడే బూతులో ఆడవాళ్ళ పరువు ఎంత పోయిందన్నది వేరే చర్చ. దాన్ని మేము వెనకేసుకు రావడం లేదు.) తక్కువ ఒంటికి కనీసం నోరుండేది. ఈ నోటి సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన తెరలు ముందు ఊడదీసింది దాన్నే.

ఇప్పుడు ఇంట్లోకొచ్చిన తెర. 'ఛోటా భీమ్' హైదరాబాదులో తయారైన బొమ్మ. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ దీన్ని తీసింది. 2008లో పోగో చానల్లో మొదలై దేశమంతా పాకింది. ఒక తెలుగువాడి కంపెనీ అమెరికా బొమ్మలను పక్కకు నెట్టి మన పిల్లలకు మన ఊరి బొమ్మ ఇచ్చిందని పత్రికలు మురిసిపోయాయి. మురవాల్సిందే, కాదనం. అయితే ఆ ఊరు ఢోలక్‌పూర్. ఆ ఊరికొక రాజు, రాకుమారి. భీమ్ ధోవతి కట్టిన చాయగల పిల్లాడు, ఛాతీ విరుచుకు నిలబడతాడు. వాడికి ఎదురు కాలియా. పేరులోనే ఉంది నలుపు. పెద్ద పొట్ట, మందమైన ఒళ్ళు, బరువు అడుగు. పరిగెత్తితే జారిపడతాడు, కొడితే తిరిగి తనకే తగులుతుంది. వాడి వెనక ఢోలు, భోలు అని ఇద్దరు కవలలు.

ఇందులో మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది తిండి. భీమ్ లడ్డూలు తింటాడు. ఎన్ని తిన్నా అది బలమే. లడ్డూ నోట్లో పడగానే కండ ఉబుకుతుంది, ఊరిని కాపాడతాడు. కాలియా తిన్నా లడ్డూయే. కానీ అది తిండిపోతుతనం, దానికి నవ్వాలి. పని ఒకటే, తినడం. దాన్ని సన్నని నడుమూ విరిచిన ఛాతీ చేస్తే శౌర్యం, నల్లటి పొట్ట చేస్తే రోత. మన పేటల్లో ఆకలి ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకు ఇందులో నవ్వెక్కడ పుడుతుందో అర్థం కాదు. సంక్షేమ హాస్టల్లో రెండోసారి అన్నం అడిగిన పిల్లాడి మీద పడిన చూపు కూడా ఈ చూపే.

మేము తగరపువలస వైపువాళ్ళం. గోస్తనికి ఇవతల పేటలు, అవతల చిట్టివలస జూట్ మిల్లు. 2009లో ఆ మిల్లు మూతపడ్డాక పనికోసం విశాఖ బస్సెక్కే జనం. ఇంట్లో తల్లీ తండ్రీ లేని వేళ గుంటలకు తోడు టీవీయే, ఇప్పుడు ఫోను. వీధిలో వాళ్ళు 'భీమ్ ఆట' ఆడడం మేము చాలాసార్లు చూశాం. ఆటలో అన్నిటికన్నా ముందు తేలేది ఎవరు భీమ్, ఎవరు కాలియా అని. పంటలు వెయ్యరు, చీట్లు తియ్యరు. 'ఒరే, నువ్వు కాలియావి. నల్లగున్నావు కాదేటి' అంటాడు ఒకడు. ఆ నల్లగున్నవాడు కూడా పేచీ పెట్టడు. పొట్ట ముందుకు పెట్టి, కాళ్ళు ఎడం చేసి, ఊగుతూ నడవడం మొదలుపెడతాడు. సన్నటి గుంటడే, డొక్కలు కనిపిస్తుంటాయి. అయినా ఆ నడక వాడికి వచ్చేస్తుంది. అందరూ నలుపే ఉన్న పేటలో కాస్త తక్కువ నలుపువాడు భీమ్ అవుతాడు. ఈ మెట్లకట్టు మనకు తెలియనిదా?

ఇంకో విచిత్రం చూడండి. మా పక్క పట్నం భీమునిపట్నం. భీముడి పేరు మీదే వెలిసిందని అక్కడి జనం చెప్పుకుంటారు. మా పేటల్లో భీమ్ అంటే ఆ భీముడూ కాదు, లడ్డూల భీమూ కాదు. ఏప్రిల్ 14న మా గుంటలు 'జై భీమ్' అని అరుస్తారు. సాయంత్రం అదే నోటితో ఆ బొమ్మ పేరూ అరుస్తారు. రెండు భీమ్‌ల మధ్య తేడా ఏమిటో వాళ్ళకు చెప్పాల్సింది మనమే. ఉపాధ్యాయ మిత్రులు ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఆ బొమ్మలవాళ్ళు దురుద్దేశంతో చేశారని మేము అనడం లేదు. అలా అనడం తేలిక, దానివల్ల తెలిసేదేమీ లేదు. బొమ్మ గీసేవాడికి టైము తక్కువ. చూడగానే అర్థమయ్యే ఒళ్ళు కావాలి, చూడగానే అర్థమయ్యే నడక కావాలి. ఆ 'చూడగానే' అన్న మాటలోనే అంతా ఉంది. చూడగానే అర్థమయ్యేది సమాజం ముందే నేర్పిపెట్టింది. 2019లో అదే కంపెనీ 'మైటీ లిటిల్ భీమ్' అని పసివాడైన భీమ్‌తో నెట్‌ఫ్లిక్స్‌కు తీసిన బొమ్మల్లో సంభాషణలే లేవు. పెద్ద తల, గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్ళు. పసిబిడ్డ ఆకారం చూస్తే పెద్దవాళ్ళ మనసు కరుగుతుందని 1943లోనే కొన్రాడ్ లోరెంజ్ రాశాడు. ఆ సూత్రం భాషలు దాటి పనిచేసింది. ఒళ్ళూ కదలికా ఉంటే చాలు, ప్రపంచమంతా ముద్దుచేస్తుంది. మరి కాలియాకు పసితనం లేదా? నల్లటి పొట్టపిల్లాడు కూడా ఒకప్పుడు పాకే ఉంటాడు కదా.

పెద్దల తెర సంగతి కాస్త చెప్పుకుని ముందుకు పోదాం. 2015 'బాహుబలి' మొదటి భాగంలో కాలకేయులు ఉన్నారు. ఇంకోషిగా ప్రభాకర్ వేశాడు. నటుల ఒంటికి నలుపు పూసి, ఆ గుంపును కంప్యూటరులో పెంచారు. యుద్ధంలో కదలికలు చూడండి. మాహిష్మతి సైన్యం త్రిశూల వ్యూహంలో, గీత గీసినట్టు కదులుతుంది. కాలకేయులు చీమలపుట్ట పగిలినట్టు వస్తారు. అటు వ్యూహం, ఇటు గుంపు. వాళ్ళ కోసం మదన్ కార్కి కిలికి అని ఒక భాషే తయారుచేశాడు. అందులో నాలుక చప్పుడు తప్ప మనకు తెలిసేదేమీ లేదు. కేతిగాడి నోరు ఇక్కడికొచ్చేసరికి ఏమైందో చూశారా? అదే సినిమాలో కట్టప్ప ఒడ్డూపొడుగూ ఉన్న యోధుడే, కానీ శివుడి పాదాన్ని తన నెత్తిన పెట్టుకున్నాకే హాలంతా ఈల వేసింది. ఒంగిన బలం మనవాళ్ళకు ఇష్టం, నిలబడిన బలం రాక్షసత్వం.

ఆ దర్శకుడే, రాజమౌళే, 2012లో 'ఈగ' తీశాడు. మాకు ఆ సినిమా మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది, చెప్పడానికి సిగ్గుపడం. నల్లటి చిన్న పురుగు. ముఖంలో భావం పలకదు, మాట లేదు. అందరూ విదిలించి కొట్టే జీవి. అయినా రెండు గంటలపాటు తెలుగు జనం దాని పక్షాన నిలబడ్డారు, కోటు వేసుకున్న ధనవంతుడి చావు కోరుకున్నారు. ఎలా సాధ్యమైంది? ఈగకు తెల్లరంగు వేశారా? లేదు. కండలు పెట్టారా? కసరత్తు చేయించారు, నిజమే, దానికీ నవ్వాం. కానీ అసలు సంగతి అది కాదు. దానికి టైమిచ్చారు. తడబడే మొదటి ఎగురుడు, ఆగి ఆలోచించడం, తల తిప్పి చూడటం, పడి లేవడం - ప్రతిదానికీ ఒక కారణం చూపించారు, కెమెరా దాని ఎత్తుకు దిగింది. అంటే అల్పమైన ఒళ్ళను గౌరవంగా చూపించే విద్య మనవాళ్ళకు రాక కాదు. పురుగుకు ఇచ్చింది కాలకేయుడికి ఇవ్వలేకపోయారు.

అందుకే భీమ్‌కు నలుపు వెయ్యండి, కాలియాను తెల్లగా చెయ్యండి అనే కోరిక మాకు చాలదు. రంగు మార్చి నడక మార్చకపోతే పాత లెక్కే మిగులుతుంది. ఆడవాళ్ళ సంగతీ అంతే. 'బాపు బొమ్మ' అన్న మాట కాగితం దిగి నిజమైన ఆడపిల్లలను కొలిచే కొలబద్ద అయిపోయింది. వాలుజడ, సన్ననడుము, వయ్యారపు నిలుపు. నారుమడిలో వంగి నాట్లేసే నడుము, మిల్లులో గోనెలు కుట్టిన చేతులు ఆ కొలతకు ఎన్నడూ అందవు. బొమ్మ బొమ్మగా ఉంటే పరవాలేదు, పెళ్ళిచూపులకు కూడా వస్తోంది.

బొమ్మ ఒళ్ళు చూసేవాడినే కాదు, తొడుక్కున్నవాడినీ మారుస్తుంది. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ కంప్యూటరు లోకంలో కొందరికి పొడుగు బొమ్మలనూ కొందరికి పొట్టి బొమ్మలనూ ఒళ్ళుగా ఇచ్చి డబ్బు పంచుకోమన్నారు. పొడుగు ఒళ్ళు దొరికినవాళ్ళు గట్టిగా బేరమాడారు, పొట్టి ఒళ్ళు దొరికినవాళ్ళు అన్యాయమైన వాటాకు కూడా ఎక్కువగా ఒప్పుకున్నారు. ఊగుతూ నడిచిన ఆ డొక్కల గుంటడిని తలుచుకుంటే ఇది ఆటగా అనిపించదు.

మరి మనం తయారుచేసుకున్న ఒళ్ళు లేదా? ఉంది, ప్రతి పేట మొగలో ఉంది. నీలం సూటు, కళ్ళద్దాలు, చంకలో పుస్తకం, చాచిన చెయ్యి, కాలికి బూటు. 2023లో హైదరాబాదులో, 2024లో విజయవాడలో అదే మనిషి 125 అడుగులకు పెరిగాడు. ఆ పెద్ద విగ్రహాలు ప్రభుత్వాలవి, వాటి లెక్కలు వాటికున్నాయి. మేమనేది చందాలేసుకుని పేటలు నిలబెట్టుకున్న సిమెంటు బొమ్మ గురించి. పొట్టిగా ఉంటుంది, ఒక్కోచోట తల పెద్దదై ఉంటుంది, శిల్పశాస్త్రం ప్రకారం వందలోపాలు పట్టొచ్చు. కానీ నడుము వంగదు. చెప్పులు చేత పట్టుకున్న తాత మనవడు బూటు బొమ్మ పెట్టుకున్నాడు. కదలని ఆ బొమ్మను చూసి ఓర్వలేకనే కదా రాత్రిపూట చెయ్యి విరగ్గొడతారు, చెప్పులదండ వేస్తారు. బొమ్మకు కులం లేదన్నవాళ్ళు దీనికేం జవాబు చెబుతారో వినాలని ఉంది.

బొమ్మల పుస్తకంలో కూడా దారి ఉంది. 2011లో వచ్చిన 'భీమాయన'లో అంబేడ్కర్ జీవితాన్ని పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. అందులో మనుషులు కండలతో కొలవబడరు, బొమ్మలు గళ్ళలో ఇరుక్కోవు, చెట్టూ నీళ్ళూ జంతువూ మనుషులతో కలిసి కదులుతాయి. అది కాగితం మీద. తెరమీద అలాంటి నడక ఇంకా రావాలి.

మా వైపు పిల్లలు ఒకరిద్దరు విశాఖలో యానిమేషన్ నేర్చుకుంటున్నారు. వాళ్ళ పాఠాల్లో నడకకు లెక్కలుంటాయి. సెకనుకు 24 బొమ్మలు, మామూలు అడుగుకు 12. హడావిడి, హాస్యం అయితే అడుగుకు 8. తాపీగా నడిచేవాడికి 16. తాళాల లెక్క పేరు మార్చుకుని వచ్చిందని మేము నవ్వుకున్నాం. వాళ్ళలో ఒక తమ్ముడు డప్పు కొట్టుకుంటూ ముందు నడిచే మనిషిని గీస్తున్నాడు. అడుగుకు 8 పెట్టమన్నారట, హుషారుగా ఉంటుందని. 16 పెట్టి చూడమన్నాం. డప్పు చంకలోంచి ఎంత కిందికి వేలాడుతుందో, చిర్ర ఏ చేతిలో ఉంటుందో, సిటికెన పుల్ల ఏ చేతిలో ఉంటుందో వాడికి తెలుసు. నడుము సంగతి మా చిన్నాన్నను నడిపించి చూసుకోమని చెప్పాం.